పాపకి క్లారినెట్ మార్చాలి: ప్లాస్టిక్ నుంచి ఉడ్‌కి ఇప్పుడే వెళ్ళాలా?

ఫ్రిస్కో_నాన్న

నమస్తే అండి అందరికీ. మేం డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మా పాప ఇప్పుడు 8వ గ్రేడ్, సిక్స్త్ గ్రేడ్‌లో బ్యాండ్‌లో చేరినప్పట్నుంచీ క్లారినెట్టే వాయిస్తోంది. ఉన్నది యమహా 255, ప్లాస్టిక్ బాడీ, రెంట్ టు ఓన్‌లో తీసుకున్నాం, ఇంకొన్ని నెలలు కడితే మనదైపోతుంది. ఫాల్‌లో ఆల్ రీజియన్ (చుట్టుపక్కల స్కూళ్ళ నుంచి బాగా వాయించే పిల్లల్ని ఏరి కట్టే బ్యాండ్) ఆడిషన్ ఇచ్చింది, సెలెక్ట్ అయింది గానీ చైర్, అంటే ర్యాంకు ప్రకారం కూర్చునే స్థానం, బాగా వెనక వచ్చింది, ఇక ఆ రోజు నుంచి ఇంట్లో క్లారినెట్ మార్చాలన్న మాటే నడుస్తోంది.

ప్రైవేట్ లెసన్స్ చెప్పే టీచరేమో హైస్కూల్‌కి వెళ్ళేలోపు ఉడ్ క్లారినెట్ ఉంటే మంచిదన్నారు, స్కూల్ బ్యాండ్ డైరెక్టర్ తొందరేం లేదన్నారు. షాపుకి వెళ్తే ఉడ్‌వి యమహా 450, బుఫే ఇ11, బుఫే ఆర్13 మూడూ ముందు పెట్టారు, రేట్లు రెండు వేల డాలర్ల చిల్లర దగ్గర మొదలై ఐదు వేల దగ్గరికి పోతున్నాయి. పాప మూడూ ఊది చూసింది, ఆర్13 కావాలంటోంది, సెక్షన్‌లో ఫస్ట్ చైర్ పిల్ల దగ్గర అదే ఉందట. మా ఆవిడ చిన్నప్పుడు వీణ నేర్చుకుంది, వాయిద్యం బాగుంటేనే పిల్లకి శ్రుతి కుదురుతుంది, డబ్బు చూడొద్దు అంటుంది. ఇదిలా ఉంటే హైదరాబాద్ నుంచి మా బావమరిది, అక్కడ చెక్క క్లారినెట్ చాలా తక్కువకి దొరుకుతుంది, సమ్మర్‌లో వచ్చేటప్పుడు తెస్తానంటున్నాడు.

నాకు సంగీతం పెద్దగా తెలీదు కాబట్టి అడుగుతున్నా. ప్లాస్టిక్‌కీ ఉడ్‌కీ నిజంగా అంత తేడా ఉంటుందా, ఈ వయసుకి ఆర్13 అవసరమా, సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా, షాపువాళ్ళు పాతది వెనక్కిస్తే తగ్గిస్తామంటున్నారు, ఇచ్చేయొచ్చా? పిల్లలకి క్లారినెట్ కొన్నవాళ్ళు, వాయించేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

కేటీ_అమ్మ

మేం హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటామండి, మా బాబు మిడిల్ స్కూల్ నుంచి హైస్కూల్ అయిపోయేదాకా క్లారినెట్ వాయించాడు. మిగతావి తెలిసినవాళ్ళు చెప్తారు, నేను ఒక్కటి గట్టిగా చెప్తా, ఆ 255ని దయచేసి వెనక్కివ్వకండి. హైస్కూల్ అంటే మార్చింగ్ బ్యాండ్. ఆగస్టులో స్కూల్ మొదలవ్వక ముందే క్యాంప్ పెడతారు, పార్కింగ్ లాట్‌లో ఎండలో గంటలు గంటలు, తర్వాత ఫుట్‌బాల్ గేమ్‌లు, కాంటెస్ట్‌లు, ఒకోసారి వాన కూడా. అక్కడికి ఉడ్ క్లారినెట్ తీసుకెళ్ళకూడదు, అందరూ ప్లాస్టిక్‌దే వాడతారు. మీరు దాన్ని ఇచ్చేసి ఉడ్‌ది కొంటే, మళ్ళీ సమ్మర్‌లో మార్చింగ్‌కి ఇంకో ప్లాస్టిక్‌ది కొనాలి లేదా అద్దెకి తెచ్చుకోవాలి, షాపువాళ్ళు తగ్గించేది అక్కడికే పోతుంది.

ఇంకోటి, మీరిప్పటిదాకా కట్టిన రెంట్‌లో కొంత భాగం పెద్ద క్లారినెట్‌కి క్రెడిట్‌గా వేసుకునే పద్ధతి చాలా షాపుల్లో ఉంటుంది. అడగండి, కానీ అలా చేస్తే 255 వాళ్ళకి వెళ్ళిపోతుందా మన దగ్గరే ఉంటుందా అన్నది రాతలో తీసుకోండి. మాకు ఒక షాపులో నోటితో ఒకటి చెప్పి బిల్లులో ఇంకోటి రాశారు, అందుకే చెప్తున్నా.

ఖర్చు లెక్కేసేటప్పుడు క్లారినెట్ ఒక్కటే కాదండి. మంచి రీడ్‌లు, అంటే ఊదేచోట బిగించే పల్చటి రెల్లు బద్దలు, పది ఉండే బాక్స్ ముప్పై డాలర్ల పైమాటే, అది నెలనెలా ఉంటుంది. లెసన్స్ సరేసరి. ఉడ్‌దైతే ఏడాదికోసారి రిపేర్ షాపులో చూపించాలి. అవన్నీ పోను మిగిలిన దాంట్లో క్లారినెట్ చూడండి.

జెర్సీ_క్లారినెట్

నేను న్యూజెర్సీలో ఐటీ ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు కమ్యూనిటీ బ్యాండ్‌లో వాయిస్తా, చిన్న పిల్లలకి కొద్దిగా చెప్తుంటా కూడా. కొంచెం పెద్దగానే రాస్తా అన్నా, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఈ విషయంలో పేరెంట్స్ పెట్టే డబ్బులో సగం తప్పు చోట పడుతుంటే నాకు బాధగా ఉంటుంది.

ముందు పాప మౌత్‌పీస్, అంటే నోట్లో పెట్టుకుని ఊదే ముక్క, ఏది వాడుతుందో చూడండి. 255తో పాటు వచ్చేది యమహా 4సి. మొదటి ఏడాదికి అది బానే ఉంటుంది, తేలిగ్గా పలుకుతుంది, కానీ పిల్ల గాలి గట్టిపడేకొద్దీ సౌండ్ అక్కడే ఆగిపోతుంది, గట్టిగా ఊదితే పల్చబడి కీచుమంటుంది. క్లారినెట్‌లో నాదం పుట్టేది రీడ్, మౌత్‌పీస్ దగ్గర, తర్వాతే గొట్టం సంగతి. కాబట్టి ఐదు వేలు పెట్టే ముందు నూట యాభై డాలర్ల లోపు వచ్చే వాండోరెన్ మౌత్‌పీస్ ఒకటి పెట్టి అదే 255 మీద ఊదించండి. ఎం13 లైర్, 5ఆర్‌వి లైర్, ఎం30, బి45 ఇవి స్కూల్ పిల్లలు ఎక్కువ వాడేవి. బి45 మూతి కొంచెం వెడల్పు, గాలి ఎక్కువ లాగుతుంది, ఎం13 మూతి సన్నం, శ్రుతి నిలపడం సులువు, దానికి రీడ్ కొంచెం గట్టిది పడుతుంది. పాప ఇప్పుడు రెండున్నర నంబర్ రీడ్ (నంబర్ పెరిగితే గట్టిది) వాడుతుంటే ఎం13కి మూడో మూడున్నరో కావాల్సి రావచ్చు. మౌత్‌పీస్ మీద 13 సిరీస్ అని ఉంటే అది అమెరికాలో బ్యాండ్‌లు వాడే 440 శ్రుతికి (ఎ స్వరం 440 హెర్ట్జ్ దగ్గర ఉండేది) చేసింది అని అర్థం, మామూలువి కాస్త పైకి పోతాయి. షాపులో మూడు నాలుగు అడిగి ఒకే రీడ్‌తో అన్నీ ఊదించండి, రీడ్ మారిస్తే ఏది ఏంటో తెలీదు.

ఇక ఉడ్, ప్లాస్టిక్ సంగతి. సౌండ్‌ని నిర్ణయించేది ముఖ్యంగా లోపలి బోర్, అంటే గొట్టంలోని బోలు, ఎలా తొలిచారు, రంధ్రాలు ఎక్కడ ఎంత సైజులో పెట్టారు, వాటి లోపలి అంచులు ఎలా చెక్కారు, కీల కింద ఉండే మెత్తలు, అంటే ప్యాడ్‌లు, రంధ్రాల్ని ఎంత బిగువుగా మూస్తున్నాయి అన్నవే, బయటి మెటీరియల్ వాటా తక్కువ. మరి ఉడ్‌వి ఎందుకు బాగుంటాయి అంటే కంపెనీలు ఆ జాగ్రత్తంతా ఉడ్ మోడల్స్ మీదే పెడతాయి. ఆర్13 పేరు ఊరికే రాలేదు, 1955లో వచ్చిన ఆ డిజైన్‌లో బోర్ పై నుంచి కిందికి ఒకే వ్యాసంతో ఉండదు, మెట్లుమెట్లుగా మారుతుంది, దాంతో రిజిస్టర్ల, అంటే కింది, పై స్థాయిల మధ్య శ్రుతి బాగా సర్దుకుంటుంది. అమెరికా ఆర్కెస్ట్రాల్లో ఎక్కడ చూసినా అదే ఎక్కువ కనిపిస్తుంది. కానీ అది ప్రొఫెషనల్స్ వాడేది, 8వ గ్రేడ్‌లో దాన్ని పూర్తిగా వాడుకునే పిల్లలు చాలా తక్కువ.

క్లారినెట్‌కి ఒక ప్రత్యేకత ఉంది, అది తెలిస్తే షాపులో ఏం వినాలో మీకే తెలుస్తుంది. ఫ్లూట్‌లో ఆక్టేవ్ పైకి వెళ్తారు కదా, మంద్ర సా నుంచి మధ్య సా, అదే వేళ్ళు. క్లారినెట్ అలా కాదు, రిజిస్టర్ కీ నొక్కితే పన్నెండో స్వరానికి, అంటే మంద్ర సా ఊదేవాళ్ళు మధ్య స్థాయి పంచమానికి ఎగురుతారు. దాంతో మధ్యలో కొన్ని స్వరాలు మిగిలిపోతాయి, వాటికి పైన ఉన్న చిన్న కీలు వాడాలి, వాటినే థ్రోట్ టోన్స్ అంటారు. అందులో బి ఫ్లాట్ అనే స్వరం మరీ కష్టం, ఎందుకంటే రిజిస్టర్ మార్చడానికి పెట్టిన సన్నని రంధ్రాన్నే ఆ స్వరానికి కూడా వాడతారు, ఒకే రంధ్రం రెండు పనులు చెయ్యాలి, రెండిటికీ సరిపోయే సైజు లేదు. అందుకే ఆ స్వరం గాలి కలిసినట్టు బలహీనంగా వస్తుంది. ఇది ఆర్13లో కూడా ఉంటుంది, ఎంత ఉంటుంది అన్నదే తేడా. కుడి చేతి వేళ్ళు కొన్ని మూసి ఆ స్వరాన్ని గట్టిపరిచే పద్ధతి ఉంది, టీచర్‌ని అడిగితే చూపిస్తారు.

కాబట్టి టెస్ట్ చేసేటప్పుడు పాప పాటలు వాయించకూడదు. తనకి వచ్చిన పాట ఏ క్లారినెట్ మీదైనా బానే ఉంటుంది. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి, తనకి కనపడకుండా మీ చేతిలో పట్టుకోండి. ఐదు నిమిషాలు ఊది వేడెక్కాక, ఒక్కో స్వరం నెమ్మదిగా మొదలెట్టి పెంచి మళ్ళీ తగ్గించమనండి. గట్టిగా ఊదితే శ్రుతి కిందికి జారుతుంది, మెల్లగా ఊదితే పైకి పోతుంది, ఇది అన్ని క్లారినెట్లకీ ఉండే గుణం, ఎంత తక్కువ జారితే అంత మంచిది. కింది చివర ఇ, ఎఫ్ స్వరాలు దిగిపోతాయి, థ్రోట్ టోన్స్ పైకి పోతాయి, అవి కూడా చూడండి. తర్వాత థ్రోట్ ఎ నుంచి పైన బికి, మళ్ళీ వెనక్కి, పదిసార్లు. ఒక్క కీ నొక్కే చోట నుంచి దాదాపు అన్ని వేళ్ళూ మూసే చోటకి దూకడం అది, పిల్లలందరికీ అక్కడే తడబాటు. ఏ క్లారినెట్ మీద ఆ దూకుడు అతుకు తెలీకుండా సాగుతుందో అది ఆ పిల్లకి సరిపోయినట్టు.

ఇంకా ముఖ్యమైనది, తనకి పేరు కనపడనివ్వకండి. కళ్ళు మూసుకోమని మూడూ ఒకదాని తర్వాత ఒకటి చేతికివ్వండి, అన్నిటికీ తన మౌత్‌పీసే. ఏది తేలిగ్గా పలికింది, ఏది ఊదుతుంటే హాయిగా ఉంది అని మాత్రం అడగండి. ఒకే మోడల్‌లో కూడా ఒకదానికొకటి తేడా ఉంటుంది, చెక్క కదా, అందుకే 450 నచ్చితే రెండు మూడు 450లు తెప్పించమనండి. చాలా షాపులు వారం ఇంటికి ఇస్తాయి, ఇవ్వని చోట నేనైతే కొనను.

నా లెక్కలో పాపకి 450 గానీ ఇ11 గానీ హైస్కూల్ నాలుగేళ్ళకీ సరిపోతుంది. కాలేజీలో మ్యూజిక్ మేజర్ చేస్తుందనుకుంటే అప్పుడు ఆర్13 చూడొచ్చు.

ఫ్రిస్కో_నాన్న

చాలా థాంక్స్ అన్నా, ఇంత వివరంగా ఎవ్వరూ చెప్పలేదు. వెనక్కిచ్చే ఆలోచన మానేశాం అక్కా, కేసు మీద మార్చింగ్ అని స్టిక్కర్ కూడా వేసేసింది పాప. మరి సెకండ్ హ్యాండ్ సంగతేంటి, లోకల్‌గా ఒకాయన పాత ఆర్13ని రెండు వేల మూడొందలకి అమ్ముతానంటున్నారు, అంటే కొత్త 450 రేటుకే వస్తుంది. బావమరిదికి కూడా ఏం చెప్పాలో తెలీట్లేదు.

బెజవాడ_బ్యాండ్‌మేళం

మీ బావమరిది మాటకి నేను చెప్తానండి. మా నాన్నగారు పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించేవారు, ఇంట్లో ఇప్పటికీ రెండున్నాయి. మన దేశంలో బ్యాండు వాయిద్యాలు ఎక్కువ మీరట్‌లో తయారవుతాయి, జలీ కోఠీ బజారు దానికే పేరు, అక్కడి నుంచే హైదరాబాద్, విజయవాడ షాపులకి వస్తాయి. వాటి మీద బతికిన కుటుంబం మాది, తక్కువ చేసి మాట్లాడను. ఊరేగింపులో దుమ్ము, ఎండ, పొద్దుపోయేదాకా వాయించుడు, అన్నిటికీ తట్టుకుంటాయి, బ్యాండులో అందరూ తమలో తాము శ్రుతి కలుపుకుంటారు కాబట్టి నడిచిపోతుంది.

కానీ మీ పాప కూర్చునేది స్కూల్ బ్యాండ్‌లో, పక్కన ఇంకో పదిమంది క్లారినెట్లు 440కి ట్యూన్ అయి ఉంటాయి. తక్కువ రేటు వాటిలో ఒక్కో స్వరం ఒక్కో తీరుగా ఉంటే పిల్ల రోజూ పెదవితో సర్దుకోవాలి. కొన్నిట్లో పాత ఆల్బర్ట్ సిస్టమ్ కీలు ఉంటాయి, అక్కడ నేర్పేది బోమ్ సిస్టమ్, 17 కీలు, 6 రింగులు, వేళ్ళు పెట్టే పద్ధతే వేరు. అది తీసుకెళ్తే పాప నేర్చుకున్న ఫింగరింగ్ పనికిరాదు. రిపేర్ వచ్చినా అక్కడ పార్ట్‌లు దొరకవు. బావగారిని ప్రేమగా వద్దనండి, దాని బదులు పాపకి ఎ.కె.సి. నటరాజన్ గారి కచేరీ రికార్డింగులు వినిపించమనండి. క్లారినెట్ మీద పూర్తి కర్ణాటక కచేరీలు చేసిన విద్వాంసుడు ఆయన, రంధ్రం మీద నుంచి వేలు తీసేటప్పుడు ఒక్కసారిగా ఎత్తకుండా మెల్లగా జరిపి గమకం పలికిస్తారు. మీ ఇంట్లో వీణ తెలిసినావిడ ఉన్నారు కాబట్టి తల్లీకూతుళ్ళు కలిసి వింటే ఆ గమకాలు ఎక్కడ పడుతున్నాయో ఆవిడే చెప్పగలరు.

జెర్సీ_క్లారినెట్

బెజవాడ అన్న చెప్పింది అక్షరాలా నిజం. సెకండ్ హ్యాండ్ ఆర్13 ఆ రేటుకి బాగుంటే మంచి బేరమే, కానీ చూడకుండా డబ్బివ్వొద్దు. గొట్టం రెండు ముక్కల్లో పైదైన పై జాయింట్ తీసుకుని పాపతో రంధ్రాలన్నీ వేళ్ళతో మూయించి, అడుగున అరచెయ్యి పెట్టి, పై నుంచి నోటితో గాలి లాగమనండి. లోపల ఖాళీ అయి కొన్ని సెకన్లు అలాగే బిగిసి ఉండాలి, వదిలితే టప్పుమని శబ్దం రావాలి. లాగుతుంటే గాలి వస్తూనే ఉంటే ఎక్కడో ప్యాడ్ లీకవుతోంది. కింది జాయింట్‌కి కూడా అంతే. రెండూ కలిపి పట్టుకుని కొంచెం ఊపితే లటలటలాడకూడదు.

చీలికలు ఎక్కువగా పై జాయింట్ మీదే వస్తాయి, పై చివర నుంచి మొదలై ట్రిల్ కీల (పక్కనుండే చిన్న కీలు) రంధ్రాల వైపు దిగుతాయి. మంచి వెలుతురులో ఫోన్ లైట్ వాలుగా వేసి చూడండి, సన్నని గీత కనపడుతుంది. చీలికని సరిగ్గా అతికిస్తే సౌండ్‌కి ఏం కాదు, కానీ రేటు తగ్గాలి. సీరియల్ నంబర్ బట్టి ఏ ఏడాదిదో తెలుసుకోవచ్చు. ప్యాడ్‌లన్నీ మార్చి పూర్తిగా సర్వీస్ చేయించాలంటే కొన్ని వందల డాలర్లు అవుతుంది, అది కలుపుకుని కొత్త 450తో పోల్చండి. అన్నిటికంటే, అమ్మే ఆయన రిపేర్ టెక్నీషియన్ దగ్గరికి తీసుకురావడానికి ఒప్పుకోకపోతే అక్కడితో వదిలెయ్యండి. ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా కనపడే బుఫేల్లో నకిలీవి ఉన్నాయి, రంగురంగుల నూట యాభై డాలర్ల క్లారినెట్లయితే చాలామంది టెక్నీషియన్లు ముట్టుకోరు.

ఆస్టిన్_జూనియర్

అంకుల్, నేను ఇక్కడే టెక్సస్‌లో మిడిల్ స్కూల్ నుంచి క్లారినెట్ వాయించా, ఇప్పుడు కాలేజీలో ఉన్నా, పాప వైపు నుంచి రెండు మాటలు చెప్తా. చైర్ వెనక రావడానికి క్లారినెట్ కారణం అని ఇంట్లో దయచేసి అనొద్దు. ఆడిషన్‌లో జడ్జిలు తెర వెనక ఉంటారు, ఏం వాయిద్యమో కనపడదు, వాళ్ళు వినేది టోన్, రిథమ్, స్వరాలు కరెక్ట్‌గా పడ్డాయా అని. కొత్తది కొన్నాక కూడా చైర్ ముందుకి రాకపోతే ఆ పిల్ల మనసులో నాన్న అన్ని వేలు పెట్టారు నేను చెయ్యలేకపోయా అని పడిపోతుంది, అది చాలా బరువు అంకుల్. పాపకి సౌండ్ బాగుండాలని కొంటున్నాం అని చెప్పి కొనండి.

రెండోది టైమింగ్. హైస్కూల్ ఆడిషన్ ఎట్యూడ్‌లు, అంటే అక్కడ వాయించాల్సిన అభ్యాస రచనలు, సమ్మర్‌లో ప్రకటిస్తారు. స్ప్రింగ్‌లోనో సమ్మర్ మొదట్లోనో కొంటే చేతికి అలవాటయ్యేసరికి ఎట్యూడ్‌లు వస్తాయి. ఆడిషన్‌కి ముందు మాత్రం మార్చొద్దు, కొత్త క్లారినెట్‌లో ఏ స్వరం ఎటు జారుతుందో చెవికి పట్టడానికి టైమ్ పడుతుంది.

ఇంకా, ఉడ్‌ది కాస్త బరువు, ఆ బరువంతా కుడి బొటనవేలి మీద పడుతుంది. ఆ వేలు ఆనే థంబ్ రెస్ట్ జరిపే వీలుందో లేదో చూడండి, చెయ్యి చిన్నదైతే ఎడమ చిటికెన వేలు కీలు అందుతున్నాయా చూడండి. షాపులో ఐదు నిమిషాల్లో తెలీదు, ఇంటికి తెచ్చుకుని అరగంట ప్రాక్టీస్ చేస్తే నొప్పి ఎక్కడో తెలుస్తుంది.

ఫ్రిస్కో_నాన్న

అందరికీ అప్‌డేట్. ముందు మౌత్‌పీస్ మార్చాం, నాలుగు తెచ్చి ఒకే రీడ్‌తో ఊదిస్తే ఎం13 లైర్ తీసుకుంది. దాంతో పాత 255 మీదే ఊదుతుంటే మా ఆవిడ పక్క గదిలోంచి వచ్చి ఏది కొన్నారు అని అడిగింది. తర్వాత షాపులో కళ్ళు మూసుకుని మూడూ ఊదించాం, రెండుసార్లు వరస మార్చి. రెండుసార్లూ పాప ఒక 450నే పట్టుకుంది, కళ్ళు తెరిచి చూసి కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఇదే బాగుంది నాన్నా అంది. పాత ఆర్13ని టెక్నీషియన్‌కి చూపిస్తే పై జాయింట్‌లో గీత ఉందన్నారు, ప్యాడ్‌లు కూడా మార్చాలట, వదిలేశాం. 450 స్ప్రింగ్ బ్రేక్‌లో తీసుకుంటున్నాం, ఆర్13కి పోయే డబ్బులో కొంత లెసన్స్‌కి పెడదామని అనుకున్నాం. చైర్ మాట ఇంట్లో ఎత్తట్లేదు అమ్మా, థాంక్యూ.

ఒక్క చివరి డౌట్, కొత్త ఉడ్ క్లారినెట్ మొదటి రోజుల్లో ఎలా చూసుకోవాలి?

జెర్సీ_క్లారినెట్

సూపర్ అన్నా, పాపకి నా తరఫున కంగ్రాట్స్ చెప్పండి. మొదటి రెండు వారాలు రోజుకి పావుగంట, ఇరవై నిమిషాలు మించొద్దు, తర్వాత మెల్లగా పెంచండి, మిగతా ప్రాక్టీస్ 255 మీద చేసుకోమనండి. ఊదేటప్పుడు లోపల వెచ్చగా తడిగా ఉబ్బుతుంది, బయట చల్లగా ఉంటే అక్కడే చీలుతుంది, అందుకే చలి రోజున కేసులోంచి తీసిన వెంటనే ఊదకుండా ముందు పై జాయింట్‌ని కాసేపు చేతుల మధ్య పట్టుకుని వెచ్చబెట్టాలి. ఊదడం అయ్యాక ప్రతిసారీ లోపల స్వాబ్ (తుడిచే గుడ్డ) లాగాలి, రెండు జాయింట్లు కలిసే చోట తడి కూడా తుడవాలి. జాయింట్ల అతుకు దగ్గర కార్క్ బిగుసుకుంటే బలంగా తిప్పొద్దు, కొంచెం కార్క్ గ్రీజ్ రాయండి, బలంగా తిప్పితే రెండు జాయింట్ల కీలని కలిపే బ్రిడ్జ్ కీ వంగుతుంది. కేసులో చిన్న హ్యుమిడిటీ ప్యాక్ వేసి యాభై శాతం దగ్గర ఉంచండి, మీ దగ్గర ఏసీ గాలి బాగా పొడిగా ఉంటుంది. కారులో మాత్రం ఒక్క గంట కూడా వదలొద్దు, టెక్సస్ ఎండకి ప్యాడ్‌ల జిగురు కరిగిపోతుంది.